రొయ్యకున్న విలువ

ఇందుకూరుపేట, విడవలూరు తీరంలో రొయ్యల రైతు మేత చల్లగానే చెక్ ట్రేలు గుంటలోకి దించుతాడు. గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తాడు. మేత మిగిలిందా, తర్వాతి పూట తగ్గిస్తాడు. రొయ్య అభిప్రాయానికి అంత మర్యాద!

అదే తీరంలోని కాలేజీ పిల్లల మాట వినడానికి, కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్ 21 ప్రశ్నలు రాసిపెట్టింది. సిలబస్ ఎంతవరకు అయిందన్నది మొదటిది. అన్నిటికంటే పైనున్న జవాబు ‘85 నుంచి 100 శాతం’. వేలికి ముందు తగిలేదీ అదే. ఇక కొన్ని కాలేజీల సొంత ఫారాలు చూడాలి. సారే పంచుతారు, సారే ఎదురుగా నిలబడతారు, సారే వసూలు చేస్తారు. ఇంటర్నల్ మార్కులు వేసేదీ సారే. పాఠాలు అద్భుతంగా కాక ఇంకెలా ఉంటాయి అబ్బయా?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. హేచరీలో తొట్లు కడిగినవాడికి కాస్తో కూస్తో పని వంటబట్టింది, వాడు దాని ఫీడ్‌బ్యాక్ ఫారంలో నాలుగు లోపాలూ రాశాడు. గడప తొక్కకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు మాత్రం ఐదుకు ఐదు వేశాడు. వెళ్లని చోట వంకలేం కనిపిస్తాయి?

న్యాక్ వారి 21వ ప్రశ్న మూడు సూచనలు అడుగుతుంది. క్లాసులో ఫ్యాను తిరగడం లేదని మూడుసార్లు రాసి చూడండి. కాలేజీ నివేదికలో ‘తీసుకున్న చర్య’ గడిలో ‘సూచన నమోదైనది’ అని పడుతుంది. మరుసటేడు ఫారం ఫోనుకొస్తుంది, చెట్టు కింద కూర్చుని నింపుకోవచ్చు.