పసరుకు తగిన పాము

షోలాపూర్ హోట్గి రోడ్డు సాంచాల ఇళ్ల మధ్య పసరువైద్యం మీద నోరెత్తి చూడండి. "మా పెద్దబాపును పాము కరిస్తే వేరుతోనే బతకలేదా?" అంటారు. బతికే ఉంటాడు, కాదనడానికి మనమెవరం? కరిచిన పాము ఏదని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కిటుకంతా అక్కడే. మన పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్నదీ ఒక్కోసారి ఉత్త కాటేసి పోతుంది. అప్పుడు పసరు పోసినా, చాయ్ పోసినా మనిషి లేచి కూర్చుంటాడు. చాయ్‌కి పేరు రాలేదు, పాపం! ఇక 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు పోయినవాళ్లు సుమారు 12 లక్షలని అంచనా. వాళ్లెవరూ వచ్చి సాక్ష్యం చెప్పరు కనుక పసరుకు ఓటమే లేదు.

అందుకే పసరు భక్తులకో సలహా: పామును చూసి ఎంచుకోండి. జెర్రిపోతు శ్రేష్ఠం. మరాఠీవాళ్లు మణ్యార్ అనే కట్లపాము వద్దు. రాత్రి కింద పడుకున్నవాణ్ణి కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లారేసరికి రెప్పలు వాలి, ఊపిరాడదు. ఘోణస్, అదే రక్తపింజర, అసలే వద్దు. ఆ కాటుకు ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. మన పసరువాడిది ఇంకా సులువు: వేపాకు నమిలించి "చేదుందా?" అంటాడు. ఉందంటే చాలు, లోపల రక్తం నీళ్లవుతున్నా పాస్!

"ఈశ్వరి వేరులో విరుగుడుందని సైన్సే చెప్పింది" అనే చదువుకున్న కుర్రాళ్లూ ఉన్నారు. ప్రయోగశాలలో కొన్ని మొక్కల రసాలు విషాన్ని అణిచిన మాట నిజమే. అయితే చాలాసార్లు విషాన్నీ రసాన్నీ ముందే కలిపి, ఆ తర్వాతే ఎలుకకు ఎక్కిస్తారు. ఆ లెక్కన మన పాము కూడా కోరల్లో పసరు కలుపుకుని మరీ కాటెయ్యాలి. పైగా ఈశ్వరిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలు చెడగొడుతుంది, క్యాన్సర్ తెస్తుంది. పాముకాటుకు వాడే సర్పగంధ సంగతంటారా? 1952లో దాన్నుంచి వేరుచేసిన రిసర్పిన్ పనికొచ్చింది రక్తపోటుకు!

నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే ఇంజెక్షన్ గుర్రాల రక్తం నుంచి తీస్తారు. అదీ కొందరి ఒంటికి పడదు. అందుకే డాక్టరు పక్కనుండి చూసుకుంటాడు. పసరువాడు పక్కనుండడు, "ఆలస్యంగా తెచ్చారు" అనడానికి మాత్రం తయారు. కరిచిన కాలు కదపకుండా ఆటోలో సివిల్ హాస్పిటల్‌కు పట్టుకెళ్లండి. వేరు మహిమ నిరూపించాలనుంటే, మనిషి బతికి ఇంటికొచ్చాక, పసరువాడి కాలిమీదే తీరిగ్గా ప్రయోగం పెట్టుకోవచ్చు. పామును మాత్రం మనం ఎంపిక చేద్దాం.