వెనక మూతకు టీకా తాత్పర్యం

మూలం: రెండక్షరాలు – కిరీటం, 18 – చిరుతపులి తల – ఎల్.

అవతారిక: ఒకానొక లండన్ బంగారు జేబుగడియారపు వెనక మూతను గోటితో ఎత్తగా, భూతద్దానికి మాత్రమే దర్శనమిచ్చు శ్లోకమిది. పాదములు నాలుగు. క్రియాపదం లేదు. అన్వయభారం టీకాకారునిదే.

ప్రతిపదార్థం:

రెండక్షరాలు = మూతను పరీక్షకు పంపినవాని పొడి అక్షరాలు. గడియారం చేసినవాడితడే అనుకొనుట పామరుల భ్రాంతి. ఇతడు డబ్బా చేసినవాడో, చేయించినవాడో.

కిరీటం, 18 = ఇరవై నాలుగు పాళ్లలో పద్దెనిమిది పాళ్లు బంగారం. తక్కినది రాగి, వెండి వగైరా. నేటి మన నగల మీది 750 కూడా ఇదే.

చిరుతపులి తల = లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్ పరీక్షశాల. లంగరైనచో బర్మింగ్‌హామ్, కత్తి, మూడు గోధుమ పనలైనచో చెస్టర్.

ఎల్ = 1886. అక్షరం అప్పట్లో మే నెలాఖరున మారెడిది గనుక 1887 మే దాకా చెల్లును. లండన్‌వారు 'జె'ను విడిచి, 'యు'తో ఆపి, ఇరవై ఏళ్లకొకమారు మళ్లీ 'ఎ' దిద్దెడివారు. అప్పుడు అక్షరపు వంపో, చుట్టూ ఉన్న చట్రమో మారెడిది. అది గమనింపనివాడు ఇరవై ఏళ్లు అటో ఇటో జారిపడును.

శంక: కిరీటం పులి నెత్తిన ఉండక పక్కన పడియుండుటేల?
సమాధానం: పులికీ ఒకప్పుడు కిరీటముండెడిది, 1821లో తీసివేసిరి. పక్కనున్నది 1798 నుంచి పద్దెనిమిది క్యారెట్లకు గుర్తు. ఆ రెంటికీ దాయాదితనం అంటగట్టరాదు.

శంక: సుంకం కట్టిన బంగారంపై 1890 దాకా రాజముఖం ఉండవలె గదా, విక్టోరియా రాణి ఏది?
సమాధానం: గడియారపు డబ్బాలకు సుంకం 1798లోనే ఎత్తివేసిరి. పన్ను రానిచోట ప్రభువులు మొగం చూపరు.

పాఠాంతరం: లోపలి మూతపై వేరే అక్షరమున్నచో, రెంటిలో ఒకటి తరువాత వచ్చి చేరినదని అనుమానించవలెను.

ప్రక్షిప్తం: సూదితో గీరినట్లున్న సన్నని అంకెలు మూలంలోనివి కావు. వాచీ బాగుచేయువారు తమ గుర్తుకు గీసికొన్నవి. అవి ఎక్కువైన కొద్దీ గడియారం దుకాణాలెక్కినది ఎక్కువ.

తాత్పర్యం: ఈ మూత 1886-87లో లండన్ పరీక్షకు నిలిచిన పద్దెనిమిది క్యారెట్ల బంగారం. అంతే. లోపలి యంత్రం దీనితోనే పుట్టినదో, మరో డబ్బాలోంచి ఇల్లరికం వచ్చినదో శ్లోకం చెప్పదు. నాలుగు ముద్రలూ లోహానికే పూచీ పడినవి. టైముకు పూచీ పడ్డ ముద్ర ఒక్కటీ లేదు.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు అమ్మునప్పుడు యంత్రమూ అద్దమూ తీసి తూచిన బరువునే బంగారమని ఎంచుదురు. కొనునప్పుడు ముద్రలు చదివిన పిమ్మట, కీ ఇచ్చి, చెవిదగ్గర పెట్టుకొని చూతురు.