ప్లగిన్లు సరే, సింథ్ ఎప్పుడు నేర్చుకుంటారు?

ఈమధ్య సంగీతం చేస్తామనే కుర్రాళ్ల లాప్‌టాప్ చూస్తే ఒళ్లు మండుతోంది. ఒక ఫోల్డర్ నిండా సింథ్ ప్లగిన్లు, ఇంకో ఫోల్డర్ నిండా రివర్బులు, కంప్రెసర్లకు మరొకటి. నవంబరులో బ్లాక్ ఫ్రైడే సేల్ రాగానే మళ్లీ కొంటారు. కొనలేనివాళ్లు క్రాక్ దించుకుంటారు. అంత సరంజామా పెట్టుకున్నవాణ్ని "ప్రీసెట్ ముట్టుకోకుండా వీణలా మోగే టోన్ ఒకటి చేసి వినిపించు నాయనా" అని అడిగితే తెల్లమొహం వేస్తాడు.

మా రోజుల్లో సింథసైజర్ రావాలంటే సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో వచ్చేవాళ్ల సామానులో రావాలి. దాని మీద కస్టమ్స్ సుంకం వేరే. విజయవాడ, గుంటూరు ఆర్కెస్ట్రాల్లో మంచి కీబోర్డు ఒక్కటుంటే గొప్ప. వినాయక చవితి పందిరికీ పెళ్లి రిసెప్షన్‌కీ అదే అద్దెకు తిరిగేది. ఫ్లూట్ బిట్టు, వయొలిన్ల గుంపు, బేసు అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచే రావాలి. ఇంకో పెట్టె లేదు గనక ఉన్నదాని లోతు చూసేవాళ్లం.

నా చేతికి వచ్చింది రోలండ్ జూనో-106. 1984 నాటి మోడల్. చదువుకునేవాడికి దాని ప్యానెలే పాఠం. ఎడమ నుంచి కుడికి ఎల్ఎఫ్ఓ, డీసీఓ, హైపాస్ ఫిల్టర్, వీసీఎఫ్, వీసీఏ, ఎన్వలప్, కోరస్. సౌండ్ ఎక్కడ పుడుతుందో, దాని పదును ఎక్కడ తగ్గుతుందో, ఎలా లేచి ఎలా ఆరుతుందో వరసగా కళ్ల ముందే ఉంటుంది. వీణ టోన్ కావాలా? సాటూత్ వేవ్ పెట్టు. ఫిల్టర్ కటాఫ్ బాగా దించి, ఫిల్టర్ మీద ఎన్వలప్ పెంచు. అటాక్ సున్నా, డికే సగానికి, సస్టెయిన్ దాదాపు అడుగుకి. కీ నొక్కగానే తీగ మీటినట్టు ఒక్క క్షణం పదునుగా పలికి, వెంటనే మెత్తబడి ఆరిపోతుంది. నిజం వీణ అది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఏ స్లైడర్ ఎంత కదిపితే ఏమవుతుందో చేతికి తెలిసిపోతుంది. పాటకు తగ్గట్టు అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

అసలు కష్టం గమకం దగ్గర వస్తుంది. తోడిలో గాంధారం కదలకుండా నిలబడితే అది తోడి కాదు. షడ్జమం సి అనుకుంటే ఆ గాంధారం ఇ-ఫ్లాట్. పిచ్ బెండ్ అటు రెండు సెమిటోన్లు, ఇటు రెండు సెమిటోన్లు పెట్టుకుంటే, లివర్ పూర్తిగా ఎడమకి లాగితే శుద్ధ రిషభం, పూర్తిగా కుడికి తోస్తే శుద్ధ మధ్యమం. ఆ రెండు హద్దుల మధ్య గాంధారాన్ని ఊపాలి. ఎంత వేగంగా ఊపాలి, ఎక్కడ ఆగాలి అన్నది చెవి చెప్పాలి, ఎడమ చెయ్యి వినాలి. గంటల తరబడి ఆ ఒక్క స్వరం మీదే కూర్చున్నవాళ్లున్నారు. ఇవాళ 'ఇండియన్ లీడ్' అని పేరున్న ప్రీసెట్ తీసి, బెండ్ వీల్ ముట్టకుండా వాయించి, రాగం పలకలేదేమని అడుగుతున్నారు. ఎలా పలుకుతుంది?

మా కాలంలో అందరూ పండితులేనని చెప్పను. 1983లో యమహా డీఎక్స్7 వచ్చినప్పుడు దాన్ని లోపలి నుంచి అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. ఆరు ఆపరేటర్లు, 32 అల్గారిథమ్‌లు, చూడ్డానికి రెండు వరుసల చిన్న తెర. అందుకే ఎక్కువమంది కంపెనీవాళ్లు ఇచ్చిన సౌండ్లే వాడారు. అందులోని ఎలక్ట్రిక్ పియానో ప్రపంచమంతా మోగిపోయింది. అయితే లోపలున్నవి 32 సౌండ్లే. ఆ 32నీ వాయించి వాయించి, ఏది ఎక్కడ నప్పుతుందో, ఏది గాయకుడి గొంతుకు అడ్డు వస్తుందో కంఠతా వచ్చేది. ఇవాళ ఒక్కో ప్లగిన్‌లో వేల ప్రీసెట్లు. వెతుకులాటతోనే సాయంత్రం గడిచిపోతుంది, ట్యూన్ మాత్రం ముందుకు కదలదు.

మొన్న మా వీధి కుర్రాడొకడు షార్ట్ ఫిల్మ్‌కి బీజీఎం చేస్తూ పిలిచాడు. "మాస్టారూ, ప్యాడ్ అంతా బురదగా ఉంది. ఇంకో రివర్బ్ కొనాలేమో" అన్నాడు. విన్నాను. రిలీజ్ మరీ పొడుగు. ముందు కార్డు ఆరకముందే తరవాతి కార్డు దాని మీద పడుతోంది. దానికి తోడు ఎడమ చేతి కార్డు, బేసు రెండూ ఒకే చోట గుద్దుకుంటున్నాయి. రిలీజ్ తగ్గించి, హైపాస్ కొంచెం పైకి జరిపి, కార్డులో కింది స్వరం తీసేయించాను. బురద పోయింది. తెలివైనవాడే, వెంటనే పట్టుకున్నాడు. నా బాధల్లా ఇన్నేళ్లుగా అతనికి ఎవరూ ఆ నాలుగు అక్షరాలు, అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్, దిద్దబెట్టలేదనే.

డబ్బుతోనూ పని లేదు ఇప్పుడు. మాకు దొరకని అదృష్టం వీళ్లకుంది. మన దగ్గర చాలామంది వాడే ఎఫ్ఎల్ స్టూడియోలో 3ఎక్స్‌ఆస్క్ అనే సాదా సింథ్ ఉంది. మూడు ఆసిలేటర్లు. 1970లో వచ్చిన మినీమూగ్‌కీ ఉన్నవి మూడే. సర్జ్ ఎక్స్‌టీ, డెక్స్‌డ్ అనే సింథ్ ప్లగిన్లు పూర్తిగా ఉచితం. డెక్స్‌డ్ అయితే సాక్షాత్తూ డీఎక్స్7 పద్ధతే, పైగా అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఇన్ని పెట్టుకుని సేల్ మెయిళ్ల వెంట పడటం వెన్న చేతబట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టుంది.

ఉన్నదాని లోతు చూసినవాళ్లు ఏం చేశారో చూడండి. బొంబాయి సినిమా రికార్డింగుల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలతో ఒక రికార్డు చేశారు. వాడినవి జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ మెషీన్, టీఆర్-808 డ్రమ్ మెషీన్. మూడూ రోలండ్ కంపెనీవే. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరెళ్లబెట్టి వింది. ఏ.ఆర్.రెహమాన్ కూడా 1992లో 'రోజా' చేసేనాటికి ఎందరో సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించి ఉన్నారు, మన రాజ్-కోటి దగ్గరతో సహా. పరికరాల మీద ఆయనకెంత మోజో అందరికీ తెలుసు. కానీ కొన్న ప్రతిదాని లోపలికీ దిగే ఓపిక కూడా ఉంది.

కాబట్టి బాబూ, అమ్మాయీ, ఈ నెల ఏమీ కొనకండి. ఉన్నవాటిలో ఒక్క సింథ్ ఎంచుకోండి. ప్రీసెట్ల జోలికి పోకుండా ఖాళీ ప్యాచ్ తెరిచి రోజుకు ఒక్క సౌండ్ చెయ్యండి. ఇవాళ బేసు, రేపు ఫ్లూట్, ఎల్లుండి వీణ. చేసినదాన్ని సేవ్ చేసి మీ పేరే పెట్టుకోండి. ఎక్కడైనా ఆగిపోతే మాలాంటి పాతవాళ్లను అడగండి. పిలిస్తే పరిగెత్తుకొస్తాం.