ఆరో మంచం టీవీ

డాక్టర్లకు నేను మానిటర్‌ని. ఆయమ్మకూ, రోగుల వెంట వచ్చేవాళ్లకూ టీవీని. కూర్మన్నపాలెం జంక్షన్‌కి దగ్గర్లో ఒక ఆసుపత్రి ఐసీయూలో, ఆరో మంచం తలాపున గోడకు బిగించారు నన్ను. తలుపు తీస్తే చాలు, హైవే లారీల హోరు. 2021 ఫిబ్రవరిలో విశాఖ ఉక్కు కార్మికుల నిరసన శిబిరం మొదలయ్యాక మైకు కూడా తోడైంది. నా దగ్గరికొచ్చేది ఎక్కువగా ప్లాంటు జనమే. కోక్ ఓవెన్స్‌లోనో, గోదావరి, కృష్ణ ఫర్నేసుల దగ్గరో వయసంతా వేడికి కాగినవాళ్లు.

ఆ రాత్రి బి షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు చేరే వేళకి ఒక రిటైరైన పెద్దాయన్ని తెచ్చారు. "ఏటో గుండెల్లో గాబరాగా ఉంది సారూ" అన్నాడు. స్టిక్కర్లు అతికించగానే నా పచ్చగీత పిచ్చిపట్టినట్టు పరిగెత్తింది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం ఒక్కలా లేదు. నాడి 158. ఏట్రియల్ ఫిబ్రిలేషన్.

డాక్టరు వెంటనే సూది అడగలేదు. ముందు వీపు మీద స్టెత్ పెట్టి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో విన్నాడు. ఉబ్బసం ఉందా, పిల్లికూతలొస్తాయా అని అడిగాడు. మాత్రల సంచీ మంచం మీద గుమ్మరించి వెరాపమిల్, డిల్టియాజెమ్ లాంటివి ఉన్నాయేమో వెతికాడు. వాటిమీద బీటా బ్లాకర్ సూది పడితే గుండె మరీ నెమ్మదించి ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. సంచీలో దొరికింది షుగరు మాత్రలే. బీపీ 138/86. పై అంకె 100 లోపుంటేనో, నాడి అప్పటికే నెమ్మదిగా ఉంటేనో ఆ ఆంప్యూల్ మెడ విరిచేవారు కాదు.

ఆ బీటా బ్లాకరే, మెటోప్రొలాల్, 5 మిల్లీగ్రాములు. సిస్టరు రెండు నిమిషాలపాటు మెల్లగా ఎక్కించింది. ఆమె వేలు సిరంజి మీద, చూపు నా మీద. అయిదు నిమిషాలకి 144. మళ్లీ బీపీ చూసి రెండోది ఇచ్చారు. 122కి దిగింది, బీపీ 106 దగ్గరికొచ్చింది. మూడో ఆంప్యూల్ ట్రేలో అలాగే ఉండిపోయింది. ఈ మందు అయిదు నిమిషాల్లో పని మొదలుపెట్టినా పూర్తి బలం చూపేసరికి 20 నిమిషాలు పట్టొచ్చు. ఆ కాస్తసేపు ఆగలేక ఇంకోటి పొడిచేసి, తర్వాత సెలైన్లకీ అట్రోపిన్‌కీ పరుగులు పెట్టినవాళ్లనీ చూశాను.

తొందర మీద పెద్ద పరీక్షే జరిగింది. చైనాలో గుండెపోటుతో వచ్చిన 45,852 మంది మీద చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఈ సూదిని మొదట్లోనే ఇచ్చేస్తే మళ్లీ గుండెపోటు రావడం తగ్గింది, కానీ షాక్‌లోకి జారిపోయినవాళ్లు పెరిగారు. వచ్చినవాళ్లందరికీ పొడిచే అలవాటు ఆ తర్వాత పోయింది. నా బీప్‌లకు విలువ పెరిగింది కూడా అప్పట్నుంచే, అని నేను అనుకుంటాను.

ఎదురు మంచం మీద ఇదే వంశంలో మరో మందు, ఎస్మొలాల్, పంపులో నడుస్తోంది. అది ఎర్ర రక్తకణాల్లోనే విరిగిపోతుంది, అర్ధాయువు 9 నిమిషాలే. పంపు ఆపితే అరగంటలో దాని జాడ ఉండదు. మెటోప్రొలాల్ అలా కాదు. ఎక్కాక 5 నుంచి 8 గంటలు కూర్చుంటుంది, వెనక్కి పిలిస్తే రాదు.

మూడు గంటలప్పుడు నా తెర మీద అంతా చక్కగా ఉంది. నాడి 84, ఆక్సిజన్ 97. నేను నోరు మెదపలేదు. సిస్టరు దుప్పటి సర్దబోయి ఆగింది. పెద్దాయన బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వెంటనే వేలికి గుచ్చి చూసింది. షుగరు 54.

పెద్దాయన భార్య లేచింది. "ఏటమ్మా, టీవీ అరవలేదు గదా?"

"అరవదు పిన్నీ. రాత్రి బాబాయ్ అన్నం తిన్నారా?"

మాత్ర వేసుకున్నాడట, ముద్ద దిగలేదట. షుగరు పడిపోతే ఒంట్లో అడ్రినలిన్ లేస్తుంది, గుండె దడదడలాడుతుంది, నేను అరుస్తాను. మామూలుగా అయితే అంతే. అడ్రినలిన్ మాట గుండెకు చేరకుండా అడ్డుపడేదే బీటా బ్లాకర్. ఆ సంగతి పట్టుకుని ప్రొప్రనొలాల్ తయారుచేసినందుకు కూడా కదా జేమ్స్ బ్లాక్‌కి 1988 నోబెల్‌లో వాటా దక్కింది! దడ అణిగిపోతుంది, వణుకూ తగ్గొచ్చు. చెమట మాత్రం ఆగదు. చెమటకి నా దగ్గర తీగ లేదు.

డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు. పావుగంటకి మళ్లీ గుచ్చి చూస్తే 112.

పొద్దున్న ఎ డ్యూటీ సిస్టరుకి అప్పజెబుతూ రాత్రి సిస్టరు కేస్‌షీట్ మీద వేలు పెట్టి చూపించింది: "రెండు సూదులు పడ్డాయి, ఇక మాత్రలే. బీపీ అరగంటకోసారి. షుగరు రెండు గంటలకోసారి గుచ్చి చూడు."

కొత్తమ్మాయి నావైపు చూసింది. "పల్స్ బాగానే ఉంది కదక్కా?"

"అందుకే చూడమంటున్నా."