చేను మేస్తున్న కంచెలు

ఇంట్లో కంప్యూటర్ నత్తనడక పట్టిందంటే చాలు, తీర్పు సిద్ధం: పాతబడింది, కొత్తది కొనాలి. విచారణ చేసే ఓపిక ఎవరికీ లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుని, ప్రాసెసర్‌ను ఎవరెంత మింగుతున్నారో పేరుపేరునా చెబుతుంది. ఆ జాబితాలో పైన తరచూ కనిపించేది మన పని కాదు, మన మేలు కోరేవాళ్ల హడావుడి: ఒక యాంటీవైరస్, దానిమీద నమ్మకం చాలక ఇంకొకటి, వేగం పెంచుతానంటూ వచ్చి తిష్ఠ వేసిన క్లీనర్. ఒకే ఫైలును ఇద్దరు సోదా చేస్తుంటే అది తెరుచుకునేదెప్పుడు?

మరి వైరస్ వస్తేనో అంటారు. రక్షణ వద్దని ఎవరన్నారు? విండోస్ 8 నుంచీ డిఫెండర్ యాంటీవైరస్‌గా సిస్టమ్‌తోనే వస్తోంది. మామూలు ఇంటికి అదొక్కటి చాలు. సోదా చేసేటప్పుడు అదీ ప్రాసెసర్‌ను తింటుంది, కానీ పని కాగానే తగ్గుతుంది. డబ్బిచ్చి కొన్నదే గట్టి కాపలా అనుకునేవారికి ఓ ముచ్చట: 2021లో నార్టన్ 360 తన చందాదారుల కంప్యూటర్లలో క్రిప్టో నాణేలు తవ్వే సదుపాయం చేర్చింది. వాళ్లు ఒప్పుకుంటేనే లెండి; రాబడిలో 15 శాతం మాత్రం కంపెనీకి! దోషం ఒక్కోసారి దుమ్ముదీ కావచ్చు. ఫ్యాన్ మూసుకుపోతే వేడెక్కిన ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. దానికి మందు బ్రష్షు, ఈఎంఐ కాదు. ఇక ప్రాసెసర్ ఖాళీగా ఉందని చెప్పే సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ పక్కన 95 శాతం చూసి, దొంగ దొరికాడని ‘ఎండ్ టాస్క్’ నొక్కబోయే మేధావులూ ఉన్నారు. విండోస్ ఒప్పుకోదు కాబట్టి సరిపోయింది.