డాల్ఫిన్లు కావలెను

ఇంటర్వ్యూ చిట్కాల రీళ్లు మీరూ చూసే ఉంటారు. తప్పించుకునే వీలెక్కడుంది? టై కట్టుకున్న పెద్దమనిషి మన మొహమ్మీదికి వేలు చూపించి, "నువ్వొక జంతువైతే ఏ జంతువవుతావు?" అంటాడు. సింహమంటే పొగరట, కుందేలంటే పిరికితనమట, డాల్ఫిన్ అంటే ఉద్యోగమట. మిగతా కిటుకులకు డబ్బు కట్టి కోర్సులో చేరాలి.

మా పక్కింటి కుర్రాడు చేరాడు. బీటెక్ అయి రెండేళ్లు. పొద్దున్నే మేడమెట్ల మీద నిలబడి "ఐ యామ్ ఎ డాల్ఫిన్ సర్" అని వల్లె వేస్తుంటే, కింద నుంచి వాళ్లమ్మ "ఎవర్రా డాల్ఫినూ?" అంది. "నేనేనమ్మా." "సర్లే, ముందొచ్చి టిఫిను తిని ఏడు."

ఇన్ని బ్యాచ్‌లలో 'గేదెనండీ' అన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? దాని పాల మీదే ఊళ్లకు ఊళ్లు బతుకుతున్నాయి, అయినా పవర్‌పాయింట్‌లో గేదె బొమ్మ బాగుండదు. చీమ పాతబడిపోయింది. గద్ద మొన్నటిదాకా బాగా నడిచింది, దూరదృష్టి అని. గద్ద కోడిపిల్లల్ని తన్నుకుపోతుందని పల్లెలో పెరిగిన పిల్లలకు తెలుసు, హెచ్‌ఆర్‌కు తెలీదు. గాడిద ఊసు ఎవరూ ఎత్తరు. చేరాక ఎలాగూ తెలిసొస్తుంది.

అసలు వాళ్లు వెతికే జంతువేదో నేను చెబుతాను: గంగిరెద్దు. శనివారం రమ్మంటే తలూపాలి. ఈ ఏడు ఇంక్రిమెంటు లేదంటే తలూపాలి. మెడలో గవ్వల పేరు బదులు ఐడీ కార్డు. గంగిరెద్దుకు ఇంటింటా పాత చీరో ధోవతో అయినా కప్పుతారు, ఇక్కడ అదీ లేదు. ఇంటర్వ్యూలో ఈ జవాబు చెప్పినవాడికి న్యాయంగా అక్కడికక్కడే ఆఫర్ లెటరివ్వాలి.

మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుందని ఇంకొకటి. వానాకాలం హైదరాబాద్ వచ్చి అడగమనండి, అసలు మూత ఉందో లేదో ముందు చూసుకోవాలి. స్కూలు బస్సులో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయట. మా పిల్లలు బస్సు ఫుట్‌బోర్డు మీద ఎంతమంది పడతారో చెప్పగలరు.

ఈ తెగులు పాతదే. ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చినవాళ్లకు వందకు పైగా ప్రశ్నలతో పరీక్ష పెట్టేవాడు. అందులో ఒకటి, శబ్దవేగమెంతని, 1921లో బోస్టన్‌లో ఐన్‌స్టీన్‌ను అడిగితే, పుస్తకాల్లో దొరికేది తలలో మోయనన్నాడు. పొడుపుకథలకు పేరుపడ్డ గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ 2013లో పత్రికాముఖంగానే ఒప్పుకున్నాడు: వీటివల్ల ఎవరు బాగా పనిచేస్తారో తేలదు, అడిగేవాడికి తాను తెలివైనవాడినన్న తృప్తి మిగులుతుంది, అంతే. వాళ్లు పారేసినదాన్ని మనవాళ్లు ఏరుకొచ్చి అద్దాల గదిలో పెట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నరసరావుపేటలో రాత్రి బస్సెక్కి వచ్చిన అమ్మాయి, ఫైలు గుండెలకు హత్తుకుని పొద్దున ఎనిమిదింటి నుంచి నిలబడుతుంది. తెలుగు మీడియంలో చదువుకుంది. ఎస్‌క్యూఎల్ క్వెరీ తప్పు లేకుండా రాస్తుంది. అది రాయించండి! "నువ్వొక రంగువైతే?" అని అడగడమేమిటి? ఆ పిల్ల ఇంగ్లీషులో ఒక్క క్షణం తడబడితే 'కమ్యూనికేషన్ వీక్' అని కొట్టేస్తారు. కాన్వెంట్లో చదివి డాల్ఫిన్ ముక్క గడగడా అప్పజెప్పినవాడు లోపలికి పోతాడు. నాలుగేళ్ల ఫీజులు కట్టడానికి ఆ ఇంట్లో పొలం తాకట్టు పడిందో, పుస్తెలు పడ్డాయో ఏ రౌండులోనూ ఎవరికీ అక్కర్లేదు.

పోనీ, ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న అడిగితే? రెండేళ్ల బాండ్ ఎందుకండీ? నా ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో ఎందుకండీ? చేతికొచ్చే జీతమెంతండీ? అంతే, 'యాటిట్యూడ్ ప్రాబ్లమ్'. వింత ప్రశ్న వాళ్లడిగితే తెలివి, మామూలు ప్రశ్న మనమడిగితే తలబిరుసు. చివరికి "మేమే కాల్ చేస్తాం" అని పంపేస్తారు. చేయరు. కుదరలేదమ్మా అని ఒక్క మెయిల్ కొట్టడానికి ఏం రోగం?

జంతువు పేరు, రంగు పేరు అన్నీ చెప్పించుకున్నారుగా. రానూపోనూ బస్సు ఛార్జీలైనా ఆ పిల్ల చేతిలో పెట్టండి.