ఈడ ఏముంది చూసేకి?

హైదరాబాదు నుంచి కోడుమూరుకు చుట్టపుచూపుగా వచ్చిన మేనల్లుడు, పొద్దున ఉగ్గాని బజ్జీ ముగించి "చుట్టుపక్కల చూడ్డానికి ఏమున్నాయి మామా?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే. "ఈడ ఏముంది చూసేకి? రాఘవేంద్రస్వామి దగ్గరికి పోదాం పా." కోడుమూరు మామల పర్యాటక శాఖలో ఉన్నది ఒకే ఫైలు, మంత్రాలయం.

గోనెగండ్ల దాటి ఎమ్మిగనూరు రాగానే అత్త కారు ఆపిస్తుంది. మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టిన ఊరు. చీరలు చూడకుండా పోతే ఎట్లా? మిగిలిన టైములో మంత్రాలయంలో తుంగభద్ర స్నానం, ముందు మంచాలమ్మ దర్శనం, ఆ తర్వాత 1671లో బృందావన ప్రవేశం చేసిన స్వామి. క్యూలో మామ మన్రో దొర కథ అందుకుంటాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్న దొర మఠం భూముల విచారణకు వచ్చి, టోపీ, బూట్లు తీసి బృందావనం ముందు నిలబడితే స్వామి కనిపించి మాట్లాడారట. పక్కనున్న వాళ్ళకు దొర గొంతు తప్ప ఏమీ వినపడలేదట. భూములు మఠానికే ఉండిపోయాయి. పాసుపుస్తకం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్న మామ ఈ ఘట్టాన్ని భక్తితో కంటే అసూయతోనే ఎక్కువ చెప్తాడు.

ఆదోనిలో షాహీ జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖానే స్వామికి మంచాల గ్రామం, అంటే ఇప్పటి మంత్రాలయం, ఇచ్చాడని ప్రతీతి. కొండ మీద కోట, రణమండల ఆంజనేయుడు సరేసరి. కానీ మామకు ఆదోని అంటే పత్తి మార్కెట్టు. కోట గురించి అడిగితే క్వింటాలు రేటు చెప్తాడు.

మామ ఎన్నడూ ఎవరినీ తీసుకుపోనిది ఎర్రగుడి. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో, గుట్ట మీది బండలపై అశోకుడి 14 పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. రెండు వేల ఏళ్ళు దాటిన ఈ రాతలను 1929లో బయటపెట్టింది చరిత్రకారుడు కాదు, ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, మడక తిప్పినట్టు సాగుతాయి. చెక్కినవాడికి మళ్ళీ మొదటికి నడవాలంటే బద్ధకమేసిందేమో!

తొలకరి పడితే ఆ చుట్టుపక్కల జొన్నగిరి, తుగ్గలి చేలు జనంతో నిండిపోతాయి. అశోకుడి కోసం కాదు, వజ్రాల కోసం. సద్దిమూటలతో, పిల్లాజెల్లాతో వచ్చి అందరూ నేలచూపులే చూస్తారు. తలెత్తి గుట్ట వైపు చూసిన ఆ క్షణంలో పక్కవాడికి రాయి దొరికితే?

తల్లిదండ్రుల మాట, పెద్దల మాట వినాలని ఎర్రగుడి శాసనంలో ఉందని అల్లుడు ఫోనులో చదివి వినిపిస్తే మామ తల పంకిస్తాడు. "మేం చెప్తాండేదీ అదే కదరా. మాకెవరూ బండ మీద చెక్కలేదు, అంతే."

దేవరగట్టు మాటెత్తితే మాత్రం మామ గొంతు తగ్గుతుంది. విజయదశమి రాత్రి అక్కడ మాళమల్లేశ్వరుడి కల్యాణమయ్యాక, ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళు రెండు పక్షాలై కర్రలతో కలబడతాయి. ఎంతమంది పోలీసులను దించినా తలలు పగలడం ఆగలేదు. పగిలిన చోట పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి దూరేవాళ్ళున్నారు.

"అయితే దసరాకి వస్తా మామా!"

"రా అల్లుడా. హెల్మెట్ తెచ్చుకో. బండి ఈడే పెట్టిపోదాం, హెల్మెట్ మాత్రం తియ్యొద్దు."